ఆనవాలమ్మ కోనలో నార కట్టే ఆచారం

నల్లమల అడవి లోపల, ఎదురుబండ పెంటకు, అంటే చెంచుల గూడేనికి, ఉత్తరంగా, రెండు కొండలు దగ్గరికి జరిగిన చోట ఆనవాలమ్మ కోన ఉంది. తారురోడ్డు మీద బస్సు దిగిన తరువాత ఐదు మైళ్ళు నడవాలి. అటవీశాఖ వారి గేటు దగ్గర పేరు రాయించి, ప్లాస్టిక్ సీసాలు అక్కడే వదిలి రావాలి. దారిలో మూడు వాగులు అడ్డం వస్తాయి. మూడో వాగు దగ్గర పెంటవాళ్ళు ఎవరో ఒకరు వచ్చి చెయ్యి పట్టుకుని దాటిస్తారు. దాటించినందుకు ఏమీ పుచ్చుకోరు.

గాలిగోపురమూ ధ్వజస్తంభమూ ఊహించుకుని వచ్చేవారికి ఇక్కడ నిరాశే. ఒక పెద్ద బండ చూరులా ముందుకు వాలి ఉంటుంది. దాని నీడన నడుమెత్తు రాయి, పసుపు పూసి కుంకుమ పెట్టి, నిలబెట్టి ఉంటుంది. అదే అమ్మవారు. ఆ రాతికి ముక్కు దిద్దారు, నోరు దిద్దారు, కళ్ళు మాత్రం దిద్దలేదు. వెండి కళ్ళు చేయించి మొక్కు తీర్చుకోవడానికి తెచ్చే భక్తులు ఏటా ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. పూజారమ్మ వాటిని కళ్ళకద్దుకుని మళ్ళీ వారి చేతుల్లోనే పెట్టేస్తుంది. అంత దూరం మోసుకొచ్చినవారు నొచ్చుకోవడం సహజమే. అందుకే ఈ తల్లికి ఆ పేరూ ఆ రూపమూ ఎలా వచ్చాయో పెంట పెద్దలు చెప్పగా విన్నది విన్నట్టు ఈ చిన్న పుస్తకంలో రాస్తున్నాను.

ముందుగా ఒక హెచ్చరిక. ఇందులో అడవి గడ్డల గుర్తులు కొన్ని వస్తాయి. వాటిని చదివి ఎవరూ గడ్డపార పట్టుకుని అడవిలోకి బయలుదేరవద్దు. రాసిన నాకే చేమాకుకూ కందాకుకూ తేడా తెలియదని మా ఇంట్లోవాళ్ళు పదిమందిలో అంటూ ఉంటారు. ఆ మాట అబద్ధం కాదు.

పూర్వం ఇక్కడ పన్నెండు గుడిసెల చెంచు పెంట ఉండేది. వారికి ఎండాకాలమంతా ఆధారం గడ్డలే. ఆ గడ్డల్లో అందరూ ఇష్టపడేది ఐదాకుల గడ్డ. ఒకే కాడకు చేతివేళ్ళలా ఐదు ఆకులుంటాయి కనుక ఆ పేరు. దాని పక్కనే, అలాగే చెట్టుకు అల్లుకుని పెరిగేది మూడాకుల గడ్డ. అది విషం. రెండింటి తీగకూ ముళ్ళుంటాయి, రెండూ ఒకే వైపుకు మెలితిరుగుతాయి. ఆకు ఉన్నంతకాలం పసిపిల్లలు కూడా తేడా చెబుతారు. చిక్కల్లా ఆకు రాలాక వస్తుంది. గడ్డ ఊరి తినడానికి పనికివచ్చేనాటికి ఆకులన్నీ రాలి, చెట్టు మీద ఎండిన తీగ మాత్రమే మిగులుతుంది. ఎండిన తీగకూ ఎండిన తీగకూ తేడా ఏం చెబుతారు?

అందుకని ఒక ఏర్పాటు ఉండేది. కార్తీక మాసంలో, ఆకు ఇంకా పచ్చగా ఉండగానే, గుర్తెరిగిన మనిషి ఒకరు అడవంతా తిరిగి ఐదాకుల తీగల మొదళ్ళకు అడ్డతీగ నార ముడి వేసేవారు. ఎండాకాలంలో ఆ నార చూసి ఎవరికి కావలసింది వారు తవ్వుకునేవారు. నార ఉంటే తిండి, లేకపోతే ముట్టరు. అంతే లెక్క.

ఆ రోజుల్లో నార కట్టే పని బయ్యమ్మ అనే పెద్దావిడది. పెళ్ళై ఈ పెంటకు వచ్చిన నాటి నుంచి ఆమె గుర్తు తప్పిందన్న మాట లేదు. అడుగుజాడ చూసి ఎలుగుగొడ్డు ఆడదో మగదో చెప్పేదట, గూడు చూడకుండా రెట్టను చూసి పిట్ట పేరు చెప్పేదట. ఎవరు ఏ గడ్డ తవ్వినా కాల్చి మొదటి ముక్క ఆమె గుడిసెకు పంపేవారు. ఆమెకు ఒక్కడే కొడుకు, ఈదన్న. కొండతేనె దించడంలో గట్టివాడు. కోడలు అంకి. అత్తాకోడళ్ళ మధ్య పెద్ద మాటలూ లేవు, పెద్ద పేచీలూ లేవు. అత్త చెప్పిందే వేదమని అంకి నమ్మేది.

అరవై ఏళ్ళు దాటాక బయ్యమ్మ కళ్ళకు పొర కమ్మింది. మొదట దూరపువి మసకబారాయి, ఆ తరువాత చేతిలోవీ మసకబారాయి. అలవాటైన దారుల్లో తడబడకుండా నడిచేది కనుక ఎవరికీ అనుమానం రాలేదు. చెప్పాలని ఆమె చాలాసార్లు అనుకుంది. చెబితే ఆ మొదటి ముక్క ఆగిపోతుంది, "బయ్యమ్మను అడుగుదాం" అన్న మాట ఆగిపోతుంది. సిగ్గు ఆమె నోరు నొక్కింది. ఈ కథ చదివి ఆమెను తిట్టుకోవడం తేలికే. మన ఇళ్ళలో కళ్ళజోడు మార్చుకోమంటే కోపం తెచ్చుకునే పెద్దవారిని తలచుకుంటే ఆ తొందర కొంచెం తగ్గుతుంది.

రెండు కార్తీకాలు ఆమె వేళ్ళతో తడిమే నార కట్టింది. ఆకును అందుకుని లెక్కపెట్టేది, ఐదు ఉంటే ఆ తీగ వెంట చేతిని కిందికి జార్చి మొదట్లో ముడి వేసేది. మొదటి ఏడు ఎలాగో గడిచింది. రెండో ఏడు వానలు లేవు. ఇప్పపూలు రాలలేదు, వాగులు ఇసుక తేలాయి. నార కట్టిన తీగలు తప్ప పెంటకు వేరే దిక్కు లేకపోయింది.

ఆ ఎండాకాలంలో ఒకనాడు ఈదన్న కొండతేనెకు దిగాడు. చెంచులలో తేనెకు దిగేవాడి తాడును భార్య తోడబుట్టినవాడే పట్టుకోవాలి, ఇంకొకరిని నమ్మరు. ఆ రోజూ అంకి అన్నే తాడు పట్టాడు. ఈదన్న క్షేమంగా పైకి వచ్చాడు. అతను ఇల్లు చేరేలోపు గడ్డ ఉడకాలని అంకి ఉదయమే నల్లమద్ది చెట్టు దగ్గర, అత్త నార కట్టిన తీగ కింద తవ్వింది.

ఐదాకుల గడ్డ లోతుకు దిగుతుంది. నిలువు లోతు తవ్వితే గాని తల కనబడదు, ఆడవాళ్ళు చెమటలు కక్కుకుంటూ తవ్వాలి. ఆ రోజు గడ్డ మూరెడు లోతులోనే దొరికింది, అదీ గుత్తిగా. కోసి చూస్తే లోపల పసుపు ఛాయ కనబడింది, చేతులు దురద పెట్టాయి. అంకి ఒకసారి ఆగింది. అత్త కట్టిన నార తప్పుతుందా అనుకుని గంపకెత్తుకుంది. ఆచారం ప్రకారం నారను విప్పి తెచ్చి గుడిసె చూరుకు వేలాడదీసింది.

ఆకలి మీద వచ్చిన ఈదన్న వేడివేడిగా తిన్నాడు. బయ్యమ్మ ముద్ద ఇంకా చేతిలోనే ఉంది. అతను గొంతు మండుతోందన్నాడు, నీళ్ళు అడిగాడు. ఆ తరువాత కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాడు. పొద్దు వాలేసరికి ప్రాణం పోయింది.

పెంటలో ఎవరూ బయ్యమ్మను అనుమానించలేదు. ఆమె నార తప్పడమనేది వారి ఊహకే అందని మాట. కాబట్టి తప్పు తవ్విన మనిషిదే అయి ఉండాలి. నార ఒకచోట ఉంటే అంకి ఒళ్ళు వంగక, సులువుగా దొరికే ఇంకోచోట తవ్విందన్నారు. గొయ్యి మూరెడే ఉండటం అందుకు సాక్ష్యమైంది. నార విప్పేశారు కనుక అది ఏ తీగకు ఉండిందో తెలుస్తుందని ఎవరూ అనుకోలేదు. అంకి తనను తాను కాచుకోలేదు. గడ్డను చూసి అనుమానపడ్డ సంగతి ఆమెకే తెలుసు. అడగనందుకు మొగుడు పోయాడన్న బాధతో తల వంచుకుని కూర్చుంది. మట్టి చేసిన మూడో నాటి సాయంత్రం పెద్దలు కూర్చుని ఆమెను వాగు దాటించి పంపాలని మాట అనుకున్నారు. ఆ కరువులో ఒంటరి మనిషిని వాగు దాటించడమంటే చావమని చెప్పడమే.

ఆ మధ్యాహ్నమే, పెద్దలు ఇంకా కూర్చోకముందు, బయ్యమ్మ ఎవరికీ చెప్పకుండా కోనలోకి వచ్చి ఈ బండ నీడన కూలబడింది. మూడు రోజులుగా తిండీ నీళ్ళూ లేని మనిషి. కూర్చున్నది కూర్చున్నట్టే సోలిపోయింది. ఆ మాగన్నులో ఎవరో ఆడమనిషి వచ్చి ఎదురుగా కూర్చున్నట్టయింది. గాజుల చప్పుడు వినబడింది గాని మొహం తెలియలేదు. కలలో కూడా ఆమెకు చూపు మసకే.

వచ్చిన మనిషి ఒక ఆకు తీసి బయ్యమ్మ చేతిలో పెట్టింది.

"అవ్వా, ఇది ఏమాకు?"

బయ్యమ్మ వేళ్ళు వాటంతట అవే కదిలాయి. "ఐదాకులది."

"ఎట్ల తెలిసె?"

"పుట్టినకాడి నుంచి చూస్తున్నా బిడ్డా, నాకు తెల్వకుండ పోతదా?"

"వేళ్ళతోని గాదు. చూసి చెప్పు."

బయ్యమ్మ ఆకును కళ్ళకు దగ్గరగా పట్టుకుంది.

"పోనీ, నేనెవర్నో చూసి చెప్పు."

"వాగవతల పెంట పిల్లవు గావా?"

"గాదు. మళ్ళ చూడు."

బయ్యమ్మ ఆ ఆకును నేల మీద పెట్టేసింది. రెండేళ్ళుగా గొంతులో ఉన్నది అప్పుడు బయటికి వచ్చింది.

"నాకు కండ్లు కనపడవు తల్లీ. రెండు కార్తీకాలు పోయె. ఎవరికీ చెప్పకపోతి. నా కొడుకును నేనే తింటి."

"ఆ మాట పెంటల చెప్పు."

"చెప్తే నాకేం మిగుల్తది?"

"నీకేం మిగలదు. వాళ్ళు మిగుల్తరు."

ఆ తరువాత అమ్మవారు తన ఉనికి తెలిపింది. ఈ బండ కింద తాను రాయిగా పడి ఉన్నానని, లేపి నిలబెట్టమని చెప్పింది. "నాకు కండ్లు పెట్టొద్దు. చూసే పని మీది. ఆకుకాడి నుంచి ఒక చెయ్యి దిగాలె, మొదలుకాడి నుంచి ఇంకొక చెయ్యి ఎక్కాలె. రెండు చేతులు ఒకే తీగ మీద కలిస్తేనే నార కట్టుండ్రి" అని ఆన పెట్టింది. బయ్యమ్మ కళ్ళు తెరిచేసరికి ఎదురుగా ఎవరూ లేరు.

ఆమె పెంట చేరేసరికి పెద్దమనిషి గురవయ్య తీర్పు చెప్పేశాడు. అంకి లేచి నిలబడి ఉంది, చేతిలో గడ్డపార తప్ప ఏమీ లేదు. బయ్యమ్మ అందరి మధ్యకు వచ్చి నిలబడింది.

"పిల్లను పంపొద్దు గురవయ్యా. అది నార కాడనే తవ్వింది. నార నేను తప్పు కట్టినా. నాకు కండ్లు లేవు."

గురవయ్య నమ్మలేదు. "కొడుకు పోయిన దుఃఖంల ఏమో అంటున్నవు అవ్వా. పోయి పండుకో" అన్నాడు, జాలిగానే.

"చెట్టు కాడికి పోదాం పాండ్రి. నేను అబద్ధం చెప్తున్నానో లేదో ఆ తీగలే చెప్తయి."

నల్లమద్ది చుట్టూ జనం చేరారు. పైన కొమ్మల్లో ఎండిన తీగలు అల్లుకుపోయి ఉన్నాయి. ఒకచోట, కాడ మీద ఎండి ముడుచుకున్న ఐదాకులు రాలకుండా మిగిలాయి. గురవయ్య చెట్టెక్కి ఆ కాడను పట్టుకుని, తీగ వెంట చేతిని జారుస్తూ కిందికి దిగాడు. అంకిని గొయ్యి దగ్గర తెగిన మొదలు పట్టుకుని పైకి రమ్మన్నారు. ఇద్దరి చేతులూ ఒకదానికొకటి దగ్గరయ్యాయి. తీగలు మెలిపడ్డ చోట ఒకదాని మీద ఒకటి దాటుకుని పోయాయి, కలవలేదు. గురవయ్య పట్టుకున్న తీగ గొయ్యికి రెండు మూరల అవతల, ఎవరూ ముట్టని నేలలోకి దిగింది. అంకి పట్టుకున్నది పైకి పోయి, మూడేసి ఎండాకులు ఇంకా వేలాడుతున్న కొసన తేలింది. నార ముడి ఒరుసుకున్న గాడి ఆ మొదలుకే ఉంది, అవతలిదానికి లేదు.

ఈదన్న బతుకు రెండు మూరల దూరంలో ఉండిపోయింది. ఆ సంగతి అక్కడున్నవాళ్ళందరికీ ఒకేసారి అర్థమైంది. ఆడవాళ్ళు ఏడవలేదు, ఏడవడానికి తీరిక లేకపోయింది. ఆ పూట రెండు గుడిసెల్లో పొయ్యి మీద కుండలు ఉన్నాయి, రెంటిలోనూ బయ్యమ్మ నార కింద తవ్విన గడ్డలే. పరుగెత్తి దించారు. ఒక కుండలోది లోపల తెల్లగా ఉంది, మంచిదే. రెండోదాంట్లోది పసుపు ఛాయ. దాన్ని గొయ్యి తీసి పూడ్చారు. ఆ కుండ ఏడుగురి కూడు.

అప్పుడు అంకి నోరు విప్పింది. "నాదీ తప్పే అత్తా. గడ్డ మూరెడు లోతుల్నే దొరికె. పసుపుగ ఉండె. నిన్ను అడుగుదామనుకుంటి, అడగకపోతి. నువ్వు కట్టినదాన్ని అనుమానపడ్తే నువ్వేమనుకుంటవో అని భయపడ్తి."

"నువ్వు అడిగుంటే నిన్ను తిట్టేదాన్ని" అంది బయ్యమ్మ. "తిట్టినా వాడు బతికేటోడు."

అత్తాకోడళ్ళు ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. గురవయ్య తాను చెప్పిన తీర్పును తానే వెనక్కి తీసుకున్నాడు. చూడకుండా మాట అన్నందుకు అంకి ముందు తలపాగా తీసి నేల మీద పెట్టాడు. మరునాడు పెంటంతా అడవిలోకి వెళ్ళి, బయ్యమ్మ కట్టిన నారలన్నిటినీ రెండు చేతుల పద్ధతిలో చూసుకున్నారు. పైన ఎండాకు మిగలని చోటా, చేతులు కలవని చోటా నార విప్పేశారు. కలిసినవి తక్కువే అయినా వాటితోనే వానల దాకా ప్రాణాలు నిలుపుకున్నారు. అమ్మవారు చెప్పిన రాయిని బండ కింద నుంచి లేపి నిలబెట్టింది అంకి. ముక్కూ నోరూ దిద్దిన తరువాత ఉలి పట్టినవాడు అలవాటు కొద్దీ కళ్ళ మీదికి పోతుంటే ఆమే చెయ్యి అడ్డం పెట్టిందట. గుర్తును చూసి తెలుసుకోమని చెప్పిన తల్లి కనుక ఆనవాలమ్మ అని పేరు వచ్చింది. బయ్యమ్మ ఆ తరువాత చాలాకాలం బతికింది. ఏ ఆకు తెచ్చి చేతిలో పెట్టినా ముందు "నాకు కనపడదు" అని, ఆ తరువాతే తనకు తెలిసింది చెప్పేది.

ఈనాటికీ కార్తీక మాసం రెండో ఆదివారం నాడు కోనలో నార కట్టు జరుగుతుంది. అంకి ఇంటి ఆడవారే, అత్త తరువాత కోడలుగా, పూజారులు. ఒకరు ఆకు నుంచి, ఒకరు మొదలు నుంచి తీగ వెంట చేతులు నడిపిస్తారు. చేతులు కలిస్తే జనం "కలిసె" అంటారు, నార పడుతుంది. కలవకపోతే "కలవలే" అని పక్క చెట్టుకు పోతారు. భక్తులకు పెట్టే ప్రసాదం కాల్చిన గడ్డ ముక్క. పెట్టేముందు "చూసి చెప్పు, ఇది ఏ గడ్డ?" అని పూజారమ్మ అడుగుతుంది. పట్నం నుంచి వచ్చినవారు తెలిసినట్టు ఏదో ఒకటి అంటే ఆమె ముక్కను వెనక్కి తీసుకుని, గుర్తులన్నీ ఓపికగా చెప్పి, మళ్ళీ అడుగుతుంది. "నాకు తెలియదు" అన్నవారికి మాత్రం అందరికన్నా ముందు పెడతారు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు కంద అన్నాను. బాగా ఆలస్యంగా తిన్నాను.

ఈ తల్లిని కొలిచినవారికి సిరులు కలుగుతాయని పెంటవాళ్ళు ఎన్నడూ చెప్పరు. అడవికి పోయినవారు ఇంటికి తిరిగివస్తారని, ఇంట్లో ఒకరి తప్పు ఒకరు చెప్పుకునే ధైర్యం వస్తుందని మాత్రం చెబుతారు. బాలింతలూ, మందులిచ్చే వైద్యులూ, పాములు పట్టేవారూ ఇక్కడ ఎక్కువగా మొక్కుకుంటారు.

నాలుగేళ్ళ కిందటి నార కట్టు నేను కళ్ళారా చూశాను. పూజారమ్మ తిరుపాలమ్మకు అప్పటికి డెబ్బై దాటాయి. ముప్పై ఏళ్ళుగా ఆకు పట్టే చెయ్యి ఆమెదే. ఆ రోజు మొదటి తీగ దగ్గర ఆమె కాడను అందుకుంది, కాసేపు పట్టుకుని నిలబడింది, మళ్ళీ వదిలేసింది. మూడు వందల మంది చూస్తున్నారు. ఆమె వెనక్కి తిరిగి, అందరికీ వినబడేలా అంది.

"నాకు ఆకులు కనపడ్తలేవు. ఇగ నా కోడలు పడ్తది."

జనం ఒక్కొక్కరే చేతులు జోడించారు, రాతికి కాదు, ఆమెకు. కోడలు సాలమ్మ ఆకు పట్టుకుని చేతిని దించింది, చేతులు కలిశాయి, నార పడింది. ఆచారం ప్రకారం తెలియదన్నవారికే తొలి ముక్క కనుక సాలమ్మ కాల్చిన గడ్డను ఒలిచి అత్త ముందుకు తెచ్చింది. అడగవలసిన మాట అడిగింది.

"చూసి చెప్పు అత్తా, ఇది ఏ గడ్డ?"

"నాకు కనపడదు బిడ్డా. నువ్వు చూసినవా?"

"చూసినా."

తిరుపాలమ్మ నోరు తెరిచింది.